ఆకుపచ్చ నీళ్ళు

కారు ముందు భాగమంతా విప్పి పడేసి, పాత రేడియేటర్‌ని రెండు చేతులా పట్టుకుని పైకి లాగిన క్షణాన నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తరవాత ఆ రోజు మళ్ళీ నా ప్రాణం నా దగ్గర లేదు.

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆయన అంటే ఊరుకోను గాని, నేను అనుకుంటే తప్పులేదు. అసలు ఈ పని నెత్తికెత్తుకున్నదే కోపంతో. కారు నాలుగు వీధులు తిరిగేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికెక్కి కూర్చునేది. ఆపి బానెట్ ఎత్తితే గుప్పున ఆవిరి. సందు మొదట్లో ఉన్న మెకానిక్ ఏదో పొడి వేసి, పాత నీళ్ళు వంపేసి, ఇంజన్‌ని చల్లబరిచే ఆకుపచ్చ కూలెంట్ కొత్తగా నింపి, "ఇంక ఈ సంగతి మర్చిపోండి మేడం" అన్నాడు. కొద్దిరోజులకే కారు కింద ఆకుపచ్చ మడుగు. వెళ్ళి అడిగితే, "బండిలో ఏం లేదండీ, నడిపేవాళ్ళని బట్టి ఉంటుంది" అని పక్కవాడికేసి చూసి నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను బతికేదే కుట్టుమిషన్లు బాగుచేసి. ఇళ్ళకీ, బట్టలు కుట్టే కార్ఖానాలకీ తిరుగుతూ, ముక్కలు ముక్కలుగా విప్పిన మిషన్ని మళ్ళీ పోగు తెగకుండా కుట్టేలా చేసి వస్తాను. రెండు పైపులూ నాలుగు బోల్టులూ ఉన్న ఈ రేకుడబ్బా మార్చలేనా? విడిభాగాల కొట్టుకి వెళ్ళి కొత్త రేడియేటర్ తెచ్చేసుకున్నాను.

కొట్టాయన సామాను కడుతూ ఒక మాట చెప్పాడు. "పాత కూలెంట్ కాలవలో పోయకండమ్మా. తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ ఇష్టంగా తాగి చచ్చిపోతాయి. దేంట్లోనైనా పట్టి నాకు తెచ్చి ఇచ్చేయండి" అన్నాడు. ఆ మాట విన్నాను. శ్రద్ధగా విన్నాను. అయినా నేను చేసిన పని చేశాను.

మా ఆయన కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తారు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే కారు వాకిట్లో నీడకి తోసి పని మొదలుపెట్టాను. పర్యవేక్షణకి మా మామగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఉద్యోగమంతా కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. కారు గురించి ఆయనకి తెలిసింది ఎక్కడం, దిగడం. అయితేనేం, నోరు ఊరుకోదు కదా.

"అమ్మాయ్, ఆ బోల్టు మాట వినేలా లేదు. వాయిదా వేసి ఇంకోటి చూడు."

"మీరు కాస్త మాట్లాడకుండా కూర్చుంటే అదే వింటుంది మామయ్యా."

"సరే, సరే. కోర్టువారి ఆజ్ఞ."

ఆయనకి షుగర్ ఉంది. మామూలుగా కాదు, డాక్టరు కాగితం చూసి కళ్ళజోడు సవరించుకునేంత. తీపి కంటపడితే మాత్రం ఆయన చెయ్యి ఆయన మాట వినదు. బిస్కెట్ డబ్బా నేను అటక మీద దాస్తే స్టూలెక్కి తీస్తారు. అడిగితే, "నేనా? చూసినవాళ్ళెవరు? సాక్ష్యం ఏది?" అంటారు. నేనూ తక్కువదాన్ని కాదు. "ఆ బిస్కెట్లకి ఎలకలమందు రాసి పెట్టాను, ఇంక మీ ఇష్టం" అని బెదిరిస్తాను. "తేనెలో విరేచనాల మందు కలిపాను" అంటాను. ఒక్కరోజు భయపడతారు. మర్నాడు డబ్బా మళ్ళీ ఖాళీ. మా ఇద్దరి ఈ నాటకం చూసి మా ఆయన నవ్వుకుంటూ డ్యూటీకి పోతారు. ఇంట్లో అదో కాలక్షేపం అయిపోయింది. రక్తపరీక్షకి రమ్మంటే మాత్రం మామగారికి వెంటనే మోకాలు నొప్పి వచ్చేస్తుంది.

బ్యాటరీ వైరు ఊడదీసి, కిందకి దూరి, రేడియేటర్ అడుగున ఉన్న మర తిప్పాను. పెద్ద బేసిన్‌లోకి ఆకుపచ్చ నీళ్ళు ధారగా పడ్డాయి. మెకానిక్ కొత్తగా పోసినవే కదా, మురికి లేకుండా తేటగా ఉన్నాయి. ఎంత తీశానో అంత మళ్ళీ పొయ్యాలి కాబట్టి కొలత తెలియాలి. మా ఇంట్లో సీసాకి పుట్టడమే గాని చావడం అంటూ ఉండదు. ఏ సీసా ఖాళీ అయినా కడిగి గట్టు కింద పేర్చాల్సిందే. అందులోంచి చేతికందిన పెద్ద సీసా తీసి, గరాటు పెట్టి, బట్టతో వడకట్టి మరీ నింపాను. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో తెలిసేలా అక్కడ సీసా చుట్టూ ఎర్రదారం కట్టాను. మిషన్‌లో నూనె మట్టానికి కూడా అలాగే గుర్తు పెట్టుకుంటాను, అలవాటు. మూత బిగించి వంటింటి గుమ్మం పక్కన నీడలో పెట్టాను.

అది నిమ్మ షర్బత్ సీసా. పైన నిమ్మకాయ బొమ్మ కాగితం చెక్కుచెదరకుండా ఉంది. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా ఆ పని చేస్తారా చెప్పండి.

పై పైపు క్లిప్పు సులువుగానే వదిలింది. కింది పైపు మాత్రం రబ్బరు అతుక్కుపోయి నన్ను ఏడిపించింది. స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా తిప్పుతూ, ఆ పైపునీ దాన్ని బిగించిన మెకానిక్‌నీ కలిపి తిట్టాను. ఫ్యాను వైరు ఊడదీశాను. ఫ్యాను చట్రం పైకి తీశాను. మధ్యలో మామగారు, "ఎండ నడినెత్తికొచ్చింది, కాస్త నడుం వాలుస్తానమ్మాయ్" అని లోపలికి వెళ్ళినట్టు లీలగా గుర్తు. నేను తల ఎత్తలేదు. ఆయన మళ్ళీ ఓసారి బయటికి వచ్చి అటూ ఇటూ తిరిగినట్టు చెప్పుల చప్పుడు వినిపించింది. అప్పుడూ తల ఎత్తలేదు. రేడియేటర్‌ని పట్టి ఉంచే పై బిళ్ళలు విప్పి దాన్ని బయటికి లాగాక గాని ఈ లోకంలోకి రాలేదు. చూస్తే దాని అంచున, ప్లాస్టిక్ తొట్టీ అల్యూమినియం రేకులూ కలిసే చోట, పొడుగ్గా తెల్లటి చార. కారింది అక్కడే! మెకానిక్ ముఖాన కొట్టడానికి దాన్ని జాగ్రత్తగా గోడకి ఆనించి, దాహం వేసి లోపలికి వెళ్ళాను.

ఫ్రిజ్ తలుపు తీస్తే ఎదురుగా నిమ్మకాయ బొమ్మ.

ఒక్క క్షణం అర్థం కాలేదు. నేను ఫ్రిజ్‌లో షర్బత్ ఎప్పుడు పెట్టాను అనుకున్నాను. తరవాత ఎర్రదారం కనిపించింది. దారం ఉన్నచోట దారం ఉంది. నీళ్ళు మాత్రం దానికి బెత్తెడు కిందికి ఉన్నాయి.

ఫ్రిజ్ తలుపు పట్టుకునే సింకుకేసి చూశాను. చిన్న కాఫీ గ్లాసు ఒకటి శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. మా మామగారు జన్మలో గ్లాసు కడగరు, దొంగతనంగా ఏదైనా తాగినప్పుడు తప్ప.

ఆయన గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"మామయ్యా!"

గుర్రు.

"మామయ్యా, మీకు గుర్రు రాదు. లేవండి!"

మెల్లగా ఇటు తిరిగి, నిద్రలోంచి లేచినవాడిలా కళ్ళు నులుముకున్నారు. "ఏమ్మా, పని అయిపోయిందా?"

"గుమ్మం దగ్గర సీసా ఫ్రిజ్‌లో ఎవరు పెట్టారు?"

"ఓ, అదా. ఎండలో పాడైపోతుందని నేనే పెట్టాను. మంచి చేసినా తప్పేనా?"

"ఎంత తాగారు?"

"నేనా? తాగడమా? చూసినవాళ్ళెవరు?"

"మామయ్యా, మీకు దణ్ణం పెడతాను, అది షర్బత్ కాదు. కారులోంచి తీసిన నీళ్ళు. విషం. కిడ్నీలు పోతాయి. ఎంత తాగారో చెప్పండి!"

ఆయన నవ్వారు. దొరికిపోయిన దొంగ నవ్వు కాదది. అవతలివాడి అబద్ధం కనిపెట్టేసిన వాడి నవ్వు.

"మొన్న బిస్కెట్లలో ఎలకలమందు. అంతకుముందు తేనెలో విరేచనాల మందు. ఇవాళ షర్బత్‌లో విషం. కొత్తది ఆలోచించమ్మాయ్, ఇది పాతబడిపోయింది."

నాలుక చూపించమన్నాను. చూపించారు. ఏ రంగూ లేదు. కడుపులో ఎలా ఉంది అన్నాను. ఆకలేస్తోంది అన్నారు. వేడినీళ్ళలో ఉప్పు కలిపి తాగించి కక్కిద్దామని వంటింట్లోకి పరిగెత్తి, మళ్ళీ ఆగి ఆసుపత్రికి ఫోన్ చేశాను. అవతల నర్సు, "కక్కించకండి. ఏమీ తాగించకండి. సీసాతో సహా వెంటనే తీసుకురండి" అంది. మనిషి బాగానే ఉన్నాడమ్మా, నవ్వుతున్నాడు అన్నాను. "మొదట్లో అలాగే ఉంటారు. కాస్త మత్తుగా, హుషారుగా కూడా ఉంటారు. అది చూసి ఆగిపోకండి" అంది.

మా ఆయనకి చేశాను. ఎత్తరు. కోల్డ్ స్టోరేజీ గదిలో ఉంటే ఫోన్ పలకదు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి చేసి, "ఆయన్ని ఉన్నపళంగా ఇంటికి రమ్మను" అని చెప్పాను. ఆసుపత్రికి రమ్మనాలని అప్పుడు తోచలేదు.

పర్సు తీసుకుని, సీసా సంచిలో పడేసి, కారు తాళంచెవి కోసం మేకు మీద చెయ్యి పెట్టాను. తీసుకున్నాను కూడా. వాకిట్లోకి వచ్చాక గుర్తొచ్చింది. కారుకి ముందు మొహం లేదు. రేడియేటర్ ఉండాల్సిన చోట ఖాళీ. పైపులు రెండూ నోళ్ళు తెరుచుకుని వేలాడుతున్నాయి, బోల్టులన్నీ పళ్ళెంలో ఉన్నాయి. నా చేత్తోనే విప్పాను. అప్పుడు ఆ కారుని కాలితో తన్నాను కూడా. బొటనవేలు నొప్పి మర్నాడు తెలిసింది.

ఎదురింట్లో పాలవ్యాను నడిపే బాబాయ్ ఉంటారు. "బాబాయ్! మామయ్య కారు విషం తాగేశారు, ఆసుపత్రికి పోవాలి!" అని రోడ్డు మీదే అరిచాను. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా లేచి, చెయ్యి తుడుచుకుంటూ వ్యాను తాళాలు తెచ్చారు.

మామగారు మాత్రం చొక్కా మార్చుకుంటేగాని రానన్నారు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావో నాకు తెలియదనుకోకు" అన్నారు, బొత్తాలు పెట్టుకుంటూ. "షుగర్ పరీక్షకి. మామూలుగా పిలిస్తే రానని ఈ ఎత్తు వేశావు. బాబాయ్‌ని కూడా కలుపుకున్నావు. తెలివైనదానివే."

"అవును, షుగర్ పరీక్షకే, రండి!" అన్నాను. ఎలా వస్తే అలా రానీ అనుకున్నాను. అది నేను చేసిన రెండో తెలివితక్కువ పని.

వ్యానులో ఖాళీ పాల ట్రేలు గలగలలాడుతున్నాయి. మామగారు మా ఇద్దరి మధ్యా కూర్చుని బాబాయ్‌తో కోర్టు కబుర్లు చెబుతున్నారు. ఎప్పుడూ చెప్పేదానికన్నా ఎక్కువ చెబుతున్నారు. ఒకే సాక్షి కథ రెండుసార్లు మొదలుపెట్టారు. నేను ఆయన మొహంకేసే చూస్తున్నాను. మాట ముద్దగా వస్తోందా? కళ్ళు ఎర్రబడ్డాయా? లేక నా భయమేనా? సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే బాబాయ్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆసుపత్రి ముందు దిగుతూ మామగారు తూలారు. నేను భుజం పట్టుకోకపోతే పడిపోయేవారే.

"వ్యాను మెట్టు ఎత్తుగా ఉందమ్మా" అన్నారు. మెట్టు ఎత్తుగానే ఉంది. ఏదీ ఇదమిత్థంగా తేలదు. నాకు పిచ్చెక్కిపోయేలా ఉంది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నవయసు పిల్ల. సీసా చూసింది, దారం చూసింది, నా చేతుల నల్లటి గ్రీజు చూసింది, ఇంకేం అడక్కుండా మంచం చూపించింది. "ఇందులో నీళ్ళు ఎంత కలిసున్నాయి?" అంది. సగానికి సగం అన్నాను. ఎప్పుడు తాగారు అంది. నేను పైపుతో కుస్తీ పడుతున్నప్పుడు అన్నాను. నాకు అదే గడియారం.

"ఎంత తాగారు తాతగారూ?" అని ఆయన్ని అడిగింది.

"చుక్క కూడా తాగలేదమ్మా డాక్టరు గారూ. మా కోడలికి ఎప్పణ్ణుంచో నా రక్తం మీద కన్ను. షుగర్ పరీక్ష చేయించాలని ఇదంతా. మీరు కూడా ఆవిడ తరఫునేనా?"

నర్సు సూది తీసుకుని దగ్గరికి వస్తే చెయ్యి చంకలో దాచేసుకున్నారు. "తాగనివాడికి సూదెందుకు? నేను ఒప్పుకోను. రాసుకోండి" అన్నారు.

డాక్టరమ్మ నన్ను తెర అవతలికి తీసుకెళ్ళింది. "చూడండమ్మా. దీనికి విరుగుడు ఉంది. మందు ఎక్కించాలి. ముందుగా ఇస్తే కిడ్నీలకి ఏమీ కాకుండా ఆపగలం. ఆలస్యం అయితే ఆపలేం. కానీ ఆయన తెలివిలో ఉన్నారు, వద్దంటున్నారు. కట్టేసి గుచ్చితే పీక్కుంటారు. సీసాలో తగ్గినదంతా తాగారంటే మాత్రం ఇక్కడి మందు ఒక్కటే చాలదు, రక్తం శుభ్రం చేసే మిషను ఉన్న పెద్దాసుపత్రికి ఇప్పుడే పంపాలి. అంత దూరం పంపాలా, ఇక్కడే మొదలుపెట్టాలా అనేది ఆయన ఎంత తాగారో చెబితేనే నాకు తెలుస్తుంది. మీరు ఒప్పించండి. త్వరగా."

ఒప్పించండి అట! పదేళ్ళ కాపురంలో నేను ఆయన్ని ఒక్కదానికీ ఒప్పించలేదు. బెదిరించాను, దాచాను, అరిచాను. ఒప్పించడం నాకెక్కడ వచ్చు?

తెర తీసుకుని వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. "మామయ్యా, బంగారంలాంటివారు కదూ. నిజం చెప్పండి. మిమ్మల్ని ఒక్క మాట అననండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయన కూడా వింతగా చూశారు. "ఇది మరీ ముదురు ఎత్తు" అన్నారు.

"నా మీద ఒట్టు మామయ్యా. అది విషం."

"ఒట్లదేముందమ్మా, కోర్టులో పొద్దున్నుంచి సాయంత్రందాకా అవే విన్నాను."

అంతే, నాకు తిక్కరేగింది. "చావండి అయితే! మీ మొండితనంతో మీరు చావండి! ఒక్కసారంటే ఒక్కసారి నిజం చెప్పారా మీ జన్మలో? ఆ నోరు కట్టుకోలేరు, ఈ నోరు విప్పలేరు! మీ అబ్బాయి వచ్చి అడిగితే నేనేం చెప్పాలి? షర్బత్ సీసాలో విషం పోసి మీ నాన్నని చంపానని చెప్పనా?" వార్డులో వాళ్ళంతా లేచి చూస్తున్నారు. ఎవరో పెద్దామె "అయ్యో, పెద్దాయన్ని పట్టుకుని" అంటోంది.

ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. పైగా ఒళ్ళు కుదుటపడ్డట్టు దిండుకి ఆనుకున్నారు. నా అరుపులు ఆయనకి రోజూ ఉండేవే. అరుస్తున్నానంటే అంతా మామూలుగానే ఉందని లెక్క.

ఇంక నా దగ్గర ఏమీ మిగల్లేదు. అబద్ధాలు అయిపోయాయి, ఒట్లు అయిపోయాయి, తిట్లు కూడా అయిపోయాయి. చేతిగడియారం లేని చేతికేసి చూసుకున్నాను. మంచం పక్కన నేల మీదే చతికిలబడ్డాను. ఏడవాలని కూర్చోలేదు. ఏడుపు దానంతట అదే వచ్చింది. గ్రీజు చేతులతో మొహం కప్పుకుంటే మొహమంతా గ్రీజయింది. శబ్దం రాకుండా ఉండాలని చూశాను, కుదరలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా నలుగురిలో నేను ఏడవలేదు. ఈ మనిషి చచ్చిపోతాడు, నేను పోసిన సీసాతో చచ్చిపోతాడు, నేను నిజం చెబుతున్నా నమ్మకుండా చచ్చిపోతాడు. అది తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

కొంచెంసేపటికి నా తల మీద చెయ్యి పడింది.

"అమ్మాయ్."

తల ఎత్తలేదు.

"అమ్మాయ్, ఇటు చూడు. నిజంగానేనా?"

తల ఊపాను.

మంచం కిర్రుమంది. ఆయన లేచి కూర్చున్నారు. చూద్దును గదా, ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నవ్వు లేదు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"మరి నువ్వు? నువ్వు తాగావా?"

"నేనెందుకు తాగుతాను మామయ్యా?"

"కారు చక్రం దగ్గర గ్లాసు. నీకు పెట్టాను. పెద్ద గ్లాసు." ఆయన మాటలు ఒకదానిమీదొకటి పడుతున్నాయి. "ఎండలో పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగకుండా చేస్తున్నావని. నాకు షుగరు కదా అని నేను చిన్న గ్లాసే తాగాను. నీకు పెద్ద గ్లాసు నిండా పోసి, పళ్ళెం మూతేసి, కాలు తగిలి ఒలికిపోతుందని అవతలివైపు చక్రం పక్కన పెట్టాను. నిన్ను పిలిస్తే కసురుకుంటావని పిలవలేదు. తాగావా? చెప్పు, తాగావా?"

"లేదు మామయ్యా. నేను చూడనే లేదు."

"అబద్ధం! నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావు. నోరు తెరువు!" నా గడ్డం పట్టుకుని నోట్లోకి చూశారు. "డాక్టరు గారూ! అమ్మా డాక్టరు గారూ! ముందు ఈ పిల్లని చూడండి! నా సంగతి తరవాత! దీనికి పెద్ద గ్లాసు పోశాను నేను, పెద్ద గ్లాసు!"

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. నేను తాగలేదని ఆమెకి చెప్పాను, ఆయనకి చెప్పాను, దేవుళ్ళందరి మీదా ఒట్టేసి చెప్పాను. ఆమె నమ్మింది. ఆయన నమ్మలేదు. నర్సు మళ్ళీ సూది తెస్తే, "గ్లాసు సంగతి తేలందే నన్ను ముట్టుకోవద్దు. మీ మందంతా నాకే అయిపోతే ఈ పిల్లకెలా?" అని నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. మందు ఇద్దరికీ ఉందండీ అని డాక్టరమ్మ అంటే, అది కూడా వినలేదు.

సరిగ్గా అప్పుడు నా ఫోన్ మోగింది. మా ఆయన. ఇంటి దగ్గర్నుంచి.

"ఎక్కడున్నారు మీరంతా? తలుపులు బార్లా తీసున్నాయి. కారు చూస్తే మొహం లేకుండా..."

"అవతలివైపు చక్రం దగ్గర చూడండి. గ్లాసుందా?"

"గ్లాసేంటి? నాన్నేరి?"

"ముందు చూడండి!"

ఫోన్‌లో ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది. మామగారు నా చెవికి తన చెవి ఆనించారు. ఆయన ఊపిరి నా మెడ మీద తగులుతోంది.

"ఉంది. పళ్ళెం మూతేసి ఉంది. షర్బతా? ఎండకి గొంతెండిపోతోంది, నేను..."

"తాగొద్దు!" అని మామగారూ నేనూ ఒకేసారి అరిచాం. వార్డంతా ఉలిక్కిపడింది.

"తాగనులే, ఏమైంది మీకు?"

"ఎంతుంది అందులో? సరిగ్గా చూసి చెప్పరా" అని ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నారు మామగారు. "ఒక్క గుక్కయినా తగ్గిందా?"

"ఏం తగ్గలేదు నాన్నా. అంచుదాకా నిండుగా ఉంది."

మామగారు ఫోన్ నాకు తిరిగి ఇచ్చేశారు. ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి వెనక్కి వాలారు. తరవాత చొక్కా చెయ్యి తనే పైకి మడిచి, నర్సుకేసి చాపారు.

"కానివ్వమ్మా" అన్నారు. "డాక్టరు గారూ, రాసుకోండి. చిన్న గ్లాసుతో ఒక్క గ్లాసు. అడుగంటా తాగాను. ఇది నిజం."

"టైముకే చెప్పారు తాతగారూ. ఇక్కడే చూసుకుంటాం" అంది డాక్టరమ్మ, మందు సీసా తగిలిస్తూ.

సూది దిగుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నారు. రెండో చెయ్యి ఇంకా నా చేతిని పట్టుకునే ఉంది. గ్రీజు అంటుతుంది మామయ్యా, వదలండి అన్నాను. అంటనీ అన్నారు.